కొత్త బండి ట్రయల్

వేములపల్లి కాలువకట్ట మీది బురదను కొత్త బండి అవలీలగా దాటేసింది.

"ఎట్లుంది యేసయ్యా? కొనాల్నా వద్దా, ఆఖరి మాట నీదే," అన్నాడు పక్క సీట్లోని మిల్లు సేటు నర్సింగరావు.

ఇరవై ఏండ్లుగా ఆయన కార్లు నడుపుతున్న యేసయ్య పొంగిపోయాడు.

"ఇంటిల్లిపాదికీ సరిపోతది సేటూ. క్లచ్ లేదు, గేర్ల పరేషాన్ లేదు. బురదైనా గుట్టైనా బండే సూసుకుంటది."

"మా కోడలు తోలగలదా?"

"బేఫికర్‌గ తోలుతది. నాది గ్యారంటీ!"

సేటు వెనక సీట్లోని కోడలి వైపు తిరిగాడు. "ఇన్నవా సుష్మితా, నీ భయం తీరిందా? ఇగ మనకు డ్రైవరెందుకు?"

యేసయ్య బండిని కట్ట పక్కకు తీసి ఆపాడు.

సుష్మిత దిగొచ్చి, అతను దిగడానికి తలుపు తీసి పట్టుకుంది. సీటును తన కొలతకు ముందుకు జరుపుకుంది.

ఇరవై ఏండ్లలో మొదటిసారి యేసయ్య వెనక కూర్చున్నాడు. బండి చిన్న కుదుపైనా లేకుండా కదిలింది.