మందారపువ్వు నంబరు

"నాలిక లోపలెట్టవే! ఫొటో బాగోదు."

దేముడమ్మ అలా అన్నదంటే మనవరాలు అర్చన నాలుక ఇంకాస్త బయటపెడుతుంది.

రోజూ ఇదే తంతు. స్కూలు వ్యాను వచ్చేలోగా రెండు జడల పిల్ల అరుగు మీద నిలబడాలి. నానమ్మ సెల్లులో ఫొటో తీయాలి. సగం ఫొటోల్లో నానమ్మ బొటనవేలు కూడా పడుతుంది. ఇద్దరూ తలలు ఆనించి చూసుకుని పడీపడీ నవ్వుతారు.

ఆ రోజు వ్యాను ఎంతకీ రాలేదు. డ్రైవరుకు ఫోన్ చేద్దామని కోడలు శైలజ అత్త చేతిలోని సెల్లు అందుకుంది.

అప్పుడే టింగుమంది.

మందారపువ్వు బొమ్మ ఉన్న నంబరు. పేరు లేదు. దాన్నుంచి ఒక దండం బొమ్మ వచ్చింది.

శైలజ వేలితో పైకి జరిపింది. అర్చన ఫొటో, కింద దండం. అర్చన ఫొటో, కింద దండం. పన్ను ఊడినది, కొత్త గౌను వేసుకున్నది, జ్వరం వచ్చి నానమ్మ ఒళ్ళో పడుకున్నది. ఎంత జరిపినా తరగలేదు.

"అత్తా, ఎవరిదీ నంబరు?"

"తెలిసినోల్లదే."

"తెలిసినోళ్ళకి పేరుండదా?"

"ఉంటాది."

"ఏటి?"

దేముడమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

శైలజకు ఒళ్ళు మండింది.

"మీ అబ్బాయిని కట్టుకున్నానని బతికుండగానే నాకు దినం చేసి, పాతపట్నమంతా పిలిచి భోజనాలు పెట్టాడు మా నాన్న. ఆయన చూపు నా బిడ్డ మీద పడితే దీనికే కీడని, దీని నెత్తిన చెయ్యెట్టి ఒట్టేసి మరీ కబురంపేను. అక్కడ బట్టలకొట్టున్న అంత పెద్దమనిషీ ఆ తర్వాత ఈ గుమ్మం తొక్కలేదు. సొంత తాతకే చూపించని పిల్లని, ఊరూ పేరూ లేనోడికి చూపిస్తావా?"

"ఊరూ పేరూ లేనోడు కాడే అమ్మా."

"మరెవడు?"

దేముడమ్మ పిల్ల జడ రిబ్బను సర్దింది.

శైలజ ఆ నంబరును బ్లాకు చేసింది. సెల్లును బీరువాలో పడేసి తాళం తిప్పింది. తన ఫోను తీసి వీధివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. 'ఎవడో మా పాప ఫొటోలు తెప్పించుకుంటున్నాడు. పిల్లల్నెత్తుకుపోయేవాడిలా ఉన్నాడు. కొత్తవాళ్ళు కనిపిస్తే వదలకండి.'

సాయంత్రం పొలం నుంచి వచ్చిన నవీన్ అన్నాడు, "మా అమ్మ అలాటిది కాదే."

"మీ అమ్మ మంచిదే. ఆ దండాలు పెట్టేవాడే మంచోడు కాడు!"

మర్నాడు అలవాటు కొద్దీ అర్చన అరుగు మీద నిలబడి నాలుక బయటపెట్టింది. దేముడమ్మ చేతులు ఖాళీగా ఉన్నాయి.

"ఒక్క ఫొటో ఇయ్యే, శైలజా. పంపీసి మానేస్తాను. పిల్లకేటయిపోనాదో అని అవతల మనిసి బెంగెట్టుకుంటాడు."

"బెంగా? నా బిడ్డ మీద బెంగెట్టుకోడానికి వాడెవడు!"

దేముడమ్మ ఇంకెప్పుడూ అడగలేదు. వ్యాను వచ్చే వేళకు మాత్రం అరుగు దిగి, రోడ్డు వైపు చూస్తూ నిలబడేది.

ఆదివారం. శైలజ పెసరట్టు తిరగేస్తుంటే ఆటో గంగరాజు ఫోన్ చేశాడు.

"వదినా, దొరికీసినాడు! టెక్కలి బస్సు దిగినాడు. సెల్లులో మన పాప ఫొటో సూపించి, ఒంట్లో బాగుందా, బాగుందా అని కనపడినోల్లందర్నీ అడుగుతన్నాడు."

"ఎవడంట?"

"అదే సెప్పడు. ఇల్లు సూపిస్తాం రమ్మంటే వద్దంటాడు. పిల్లని సూస్తావేటంటే తలడ్డంగా ఊపుతాడు. మన కుర్రోల్లు నాలుగు తగిలించినారు."

"నాలుగు చాలవు. వదలకండి, వస్తన్నాను!"

శైలజ పొయ్యి కట్టేసింది. గుమ్మంలో చెప్పులు తొడుక్కుంది. నాలుగడుగులు వేసి, కుడికాలి చెప్పు తీసి చేత పట్టుకుంది.

"ఓలమ్మా, ఆగే!" వెనకాల దేముడమ్మ పిల్లని చంకనేసుకుని పరుగెత్తింది.

బస్సులాగే చోట జనం గుమిగూడి ఉన్నారు. కరెంటు స్తంభం మొదట్లో ఒక ముసలాయన బురదలో కూర్చుని ఉన్నాడు. చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. ఆయన సెల్లు గంగరాజు చేతిలో ఉంది.

"ఒరే, నా బిడ్డతో నీకేటిరా పని!"

శైలజ జనాన్ని తోసుకుని వెళ్ళి చెప్పు ఎత్తింది.

ముసలాయన తల పైకెత్తాడు.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఏటి సూస్తావు, కొట్టు వదినా!" అన్నాడు గంగరాజు.

"ఆపండ్రా, సచ్చినోల్లారా!" దేముడమ్మ రొప్పుతూ వచ్చి అడ్డం నిలబడింది. "ఆ బాబు నన్నేటీ అడగనేదు. సూడకూడదన్న ఒట్టు పిల్లకి గాని ఫొటోకి కాదని, బట్టలకొట్టుకెల్లి నానే సెప్పినాను. నానే పంపినాను. కొడితే నన్ను కొట్టండి!"

శైలజ చేతిలోంచి చెప్పు జారిపోయింది.

గంగరాజు చేతిలో సెల్లు చూసి, చంకలోంచి అర్చన ముందుకు వంగింది.

"నానమ్మా, ఫొటోనా?"

ఆ గొంతు వినపడగానే ముసలాయన నెత్తురు తుడుచుకోవడం మాని, రెండు అరచేతులతో గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.