ఎగిరిపోయిన ‘లి’

విమానం హ్యాంగర్ తలుపు దాటుతుండగా బావ గుండె గుభేలుమంది.

అక్కడ ఇంజనీరు మేడమ్ తప్ప అందరూ అతన్ని బావ అనే పిలుస్తారు. నిజానికి ఆ పిలుపు మీద హక్కున్నది ఒక్కడికే, భార్య తమ్ముడికి. ఇద్దరూ ఒకే చోట మెకానిక్‌లు. ఇందాక డ్యూటీ దిగి వెళ్తూ బావమరిది కొత్తగా వేసిన చక్రం వైపు చెయ్యి చూపించాడు. “నట్టు బిగించా” అన్నట్టు వినిపించింది. చెవుల నిండా హోరు. బావ సరేనని బొటనవేలు ఎత్తి చూపించి, నట్టు మీద మూత పెట్టేశాడు.

మళ్ళీ ఒకసారి తిప్పి చూడాలన్నది నియమం. కానీ చేసింది సొంత బావమరిది. పైగా విమానం ఆలస్యమవుతోందని మేడమ్ ఆఫీసు నుంచి మనిషి మీద మనిషిని పంపుతోంది.

ఇప్పుడు అనుమానం పురుగులా తొలుస్తోంది. పని పూర్తిచేసిన వాడి మొహంలా లేదే వాడి మొహం! ‘బిగించా’ అన్నాడా, ‘బిగించాలి’ అన్నాడా?

ఫోన్ తీశాడు. మళ్ళీ జేబులో పడేశాడు. ఈ మధ్య ఫోనంటేనే చిరాకు. అందరూ గొణుగుతారు తప్ప నోరు తెరిచి మాట్లాడరు.

“ఆపండి! ఆపండి!”

విమానాన్ని లాగుతున్న ట్రాక్టరుకి అడ్డంగా పరుగెత్తాడు. కీచుమంటూ బ్రేకు పడింది.

“ఏంటి బావా, టిక్కెట్టు లేకుండా ఎక్కేద్దామనా?” డ్రైవరు నవ్వాడు. బావ వినిపించుకోలేదు.

మేడమ్ విసవిసా వచ్చింది. “మీకేమైనా మతి పోయిందా? అవతల జనం ఎక్కడానికి నిలబడి ఉన్నారు!”

“ఒక్కసారి మూత తియ్యనివ్వండి మేడమ్. ఏమీ లేకపోతే రేపట్నుంచి నన్ను రానివ్వకండి.”

మూత తీశాడు. నట్టు మీద వేళ్ళు పెట్టి తిప్పాడు.

తిరిగింది.

మేడమ్ మొహం పాలిపోయింది. ఆ చక్రం నేలను తాకే వేళ విమానం నిండా పిల్లాజెల్లా ఉండేవాళ్ళు. బావకి దుఃఖం ముంచుకొచ్చింది, ఉన్నచోటే కూలబడ్డాడు.

కబురంది బావమరిది బస్టాపు నుంచి రొప్పుతూ వచ్చాడు.

“బిగించాలి అన్నా బావా! నువ్వు వేలు కూడా చూపించావుగా!”

“నాకు బిగించా అనే వినబడిందిరా. పాడు ఇంజన్ మోత, ఆ ‘లి’ని కాస్తా మింగేసింది.”

మేడమ్ నిట్టూర్చింది. “ఇకమీదట ఇంజన్ నడుస్తుంటే నోటి మాటలు వద్దు. ఏమైనా మీ అనుమానమే ఇంతమందిని కాపాడింది.” అని వెళ్ళిపోయింది.

బావ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. ఉద్యోగం నిలిచింది. బావమరిది మాత్రం కదల్లేదు. బావ మొహంలోకే చూస్తూ ఉండిపోయాడు. వాడి కళ్ళలో నీళ్ళు. దగ్గరికొచ్చి, బావకి ఎదురుగా కూర్చుని, పెదవులు మెల్లగా కదుపుతూ అన్నాడు.

“బావా, నేను చెప్పినప్పుడు ఇక్కడ ఒక్క ఇంజనూ నడవట్లేదు.”