విజిల్ మేడమ్ కొండ

"మళ్ళీ ఆ కొండేనా!"

డ్రైవరు లేచిన విసురుకు ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి తిరగబడింది. ఎవరూ దాన్ని లేపలేదు.

లైబ్రరీ వెనక గదిలో రిటైరైనవాళ్ళ నడక క్లబ్బు మీటింగు జరుగుతోంది. ఏటా నాలుగు రోజులు డేరాలు వేసుకుని ఉండే యాత్ర ఉంటుంది. ఈసారి ఎక్కడికో తేల్చాలి. తేల్చడానికేముంది? బల్ల మీద పరిచిన మ్యాపు అదే, కొండ అదే, హుకుం జారీ చేసే మనిషీ ఆవిడే.

ఆవిడ డ్రిల్లు టీచరుగా రిటైరైంది. క్లబ్బుకు ప్రెసిడెంటు. వెనకాల అందరూ పిలుచుకునే పేరు విజిల్ మేడమ్.

డ్రైవరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. కూతురి దగ్గర ఉందామని ఈ ఊరొచ్చి, క్లబ్బులో చేరి నాలుగేళ్ళు. నాలుగు యాత్రలూ ఆ దిక్కుమాలిన కొండకే. పోనీ శిఖరమైనా చూశాడా అంటే, అదీ లేదు! ఆవిడ పైదాకా ఎక్కనిస్తేగా. ముళ్ళపొదలూ, వాగులూ, రాళ్ళగుట్టలూ పట్టుకుని తిప్పుతుంది. అదీ ఎలాగ? బడిపిల్లల్ని నిలబెట్టినట్టు అందర్నీ చేతులు చాచినంత దూరంలో అడ్డంగా వరస కట్టిస్తుంది. విజిల్ వేస్తే నడవాలి, విజిల్ వేస్తే ఆగాలి. పాట పాడకూడదు, కబుర్లాడకూడదు. పాములుంటాయని ప్రతి పొదనూ కర్రతో కదపాలి. సాయంత్రం డేరాల ముందు ఒక్కొక్కరే లేచి ఇవాళ ఏమేం చూశారో చెప్పాలి. అరవై ఐదేళ్ళ మనిషి చేతులు కట్టుకుని, "ఒక ఉడుత, ఒక పాము కుబుసం" అని పాఠం అప్పజెప్పాలి. సిగ్గుచేటు కాదూ?

"ముప్పై ఆరేళ్ళు కండక్టరు విజిల్‌కి బస్సు నడిపానండీ. రిటైరయ్యాక కూడా విజిలేనా?" అన్నాడు.

కొత్తగా చేరినవాళ్ళంతా గొల్లుమన్నారు. ఆవిడ నవ్వలేదు. మ్యాపు మీద కొండంతా గళ్ళు గీసి ఉంది. దాదాపు అన్ని గళ్ళూ పెన్సిలుతో నింపేసి ఉన్నాయి.

"మూడు గళ్ళు మిగిలాయి. ఈ ఏడాదితో అయిపోతుంది. వచ్చే ఏడు మీ ఇష్టం," అంది.

"గళ్ళు నింపడానికి ఇదేమన్నా పేపర్లో పజిలా అమ్మా? వచ్చే ఏడు నా ఇష్టమట! యాత్ర నుంచి రాగానే నా రెండు మోకాళ్ళకీ ఆపరేషను. తర్వాత నన్ను డేరాలో పడుకోనిచ్చేదెవరు? నాకిదే ఆఖరు. సరస్సు ఒడ్డుకెళ్దాం. నీళ్ళు చూసుకుంటూ నాలుగు రోజులు హాయిగా కూర్చుందాం."

"కూర్చోవడానికైతే ఇల్లుంది కదా."

డ్రైవరు పక్కనున్న నర్సమ్మ, ఆసుపత్రిలో నర్సుగా రిటైరైనావిడ, అందుకుంది.

"అదేం మాట మేడమ్? అన్నయ్యగారు అడిగినదాంట్లో తప్పేముంది? మాకూ విసుగొచ్చింది. ఎన్నేళ్ళని ఆ ముళ్ళు గీరించుకుంటాం?"

"వెళ్తే కొండకే వెళ్తాం!" ఆవిడ బల్ల మీద చరిచింది. టీ కప్పులు గలగలలాడాయి.

ఆవిడకు అటూ ఇటూ క్లబ్బు మొదలైనప్పటి పాతకాపులు నలుగురు కూర్చున్నారు. వాళ్ళలో పెద్దాయన పోస్ట్‌మాస్టరు. నలుగురూ తలొంచుకుని బల్లకేసే చూస్తున్నారు. పన్నెండేళ్ళుగా ఇదే వరస. ఆవిడ రమ్మంటే రావడం, పొమ్మంటే పోవడం. వాళ్ళని చూస్తే డ్రైవరుకు ఆవిడ మీదకన్నా ఎక్కువ ఒళ్ళు మండింది.

"ఓట్లేద్దాం. సరస్సుకి వెళ్దామనేవాళ్ళు చేతులెత్తండి."

పదకొండు చేతులు లేచాయి. కొండకి లేచినవి ఐదు. పాతవాళ్ళవి నాలుగు, ఆవిడది ఒకటి.

"ఈ ఒక్క ఏడాదీ రండి," అందావిడ. ఆ గొంతు ఎప్పటి గొంతులా లేదు. "మూడు గళ్ళే. రెండు రోజుల్లో ముగించేద్దాం. మిగతా రెండు రోజులూ సరస్సు దగ్గరే ఉందురుగాని."

అక్కడితో ఆగితే సరిపోయేది. గెలిచిన ఊపులో ఉన్న డ్రైవరు ఆగలేదు.

"ఒక్క అడుగు కూడా వెయ్యం. ఏం, ఆ కొండ మీ ఆయనేమన్నా మీ పేరున రాసిచ్చి పోయాడా?"

ఆవిడ కళ్ళెర్రబడ్డాయి. కొడుతుందేమోనని డ్రైవరు ఒకడుగు వెనక్కి వేశాడు కూడా. ఆవిడ మ్యాపు మడిచి సంచిలో పెట్టుకుంది.

"నేనొక్కదాన్నే వెళ్తాను," అని తలుపు దడాల్న వేసి వెళ్ళిపోయింది.

"చూశారా పొగరు! ఓడిపోయానని ఒప్పుకోవడానికి కూడా మనసు రాదు."

నర్సమ్మ తలూపింది. పోస్ట్‌మాస్టరుగారు మాత్రం తలుపుకేసే చూస్తున్నారు. డ్రైవరు కోపం అటు తిరిగింది.

"మీరైనా గడ్డి పెట్టాలి కదండీ, పెద్దవారు! ఆవిడంటే మీకంత భయమేమిటి? పన్నెండేళ్ళు పట్టుకుని వేళ్ళాడటానికి ఏముందండీ ఆ కొండ మీద?"

పోస్ట్‌మాస్టరుగారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. మిగతా ముగ్గురికేసి చూశారు. వాళ్ళు వద్దనలేదు.

"కొత్తవాళ్ళెవరికీ చెప్పొద్దని ఆవిడ మా చేత ఒట్టు వేయించుకుంది," అన్నారు. "మొదటి యాత్రకు ఆ కొండ ఎనిమిది మందిమి ఎక్కి ఏడుగురమే దిగాం డ్రైవరుగారూ, దిగిరాక, ఇప్పటికీ జాడ దొరకని ఆ మనిషి ఆవిడ భర్త."