నలభై ట్రేల చోటు

నందిగామ బైపాస్ పక్కన టీ తాగుతున్న హరిచరణ్ తల తిప్పి చూసేసరికి, ఎవరో పెద్దాయన అతని డబ్బా బండిని వెదురుకర్రతో కొలుస్తున్నాడు.

"ఏంటయ్యా, కొంటావా?"

పెద్దాయన పొడవు, వెడల్పు, ఎత్తు చూసుకున్నాడు. పక్కనే ఆగి ఉన్న తోటి డ్రైవర్ వెంకట్ బండికీ అదే కర్ర పెట్టాడు.

"రెండు డబ్బాలూ ఒకటే కొలత. నీకెన్ని ట్రేలు పట్టాయి తమ్ముడూ?"

ఇద్దరు డ్రైవర్లూ రెడ్డిగూడెంలో మామిడికాయలెత్తి హైదరాబాద్ పోతున్నారు.

"రెండొందల నలభై," అన్నాడు హరిచరణ్.

"నాకు రెండొందల ఎనభై," అన్నాడు వెంకట్ సమోసా నములుతూ.

"మరి నలభై ట్రేల చోటు ఎటుపోయింది?"

హరిచరణ్ నవ్వాడు. "లోపల గోడ మందం. చల్లదనం ఆగాలని మా బావ దగ్గరుండి కట్టించాడు."

"తలుపు సందులోంచి చూశా. అడ్డంలో తగ్గలా, ఎత్తులో తగ్గలా. తగ్గింది పొడవే. అంటే క్యాబిన్ వెనకాలే. ఎవరు మీ బావ?"

"జగ్గయ్యపేట కిషోర్‌బాబు. మా అక్కనిచ్చాం. బండి కూడా నా పేరు మీదే కొన్నాడు, తెలుసా?"

పెద్దాయన మొహం పాలిపోయింది.

"నీ పేరు మీదా?"

"నీకేంటి కడుపుమంట?"

"నేను చెప్తే నమ్మవు. ట్రేలు దించి నువ్వే కొలుచుకో. చెక్‌పోస్టు రాకముందే కొలుచుకో నాయనా."

నాన్న పోయాక అన్నం పెట్టి పెంచిన బావ. హరిచరణ్‌కు ఒళ్లు మండింది. కర్ర లాక్కుని విరిచేశాడు. పెద్దాయనను ఒక్క తోపు తోసి బండెక్కాడు.

దారిలో బావకు ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

కిషోర్‌బాబు ఆ పెద్దాయన ఎలా ఉంటాడో గుచ్చిగుచ్చి అడిగాడు.

"ఎవడో పిచ్చోడులే హరీ. ఎక్కడా ఆగకుండా పోనియ్."

సరిహద్దు చెక్‌పోస్టులో పోలీసులు ట్రేలు దింపించి టేపు పట్టారు.

బయట పద్నాలుగడుగులు. లోపల పన్నెండు.

క్యాబిన్ వెనక రేకు విప్పితే, కింది నుంచి పైదాకా గంజాయి పొట్లాలు.

హరిచరణ్ బావకు ఫోన్ చేశాడు. స్విచాఫ్.

అక్కకు చేశాడు.

అదీ స్విచాఫ్.

"బండి మా బావ కిషోర్‌బాబుది సార్. నాకేం తెలీదు."

"కాగితాల్లో నీ పేరే ఉందిగా," అన్నాడు ఎస్సై.

హెడ్ కానిస్టేబుల్ ఫ్రాన్సిస్ నిట్టూర్చాడు. "అప్పట్లో సొలొమోను అనే డ్రైవరూ ఇక్కడే నిలబడి ఇదే మాట చెప్పాడు సార్, బండి కిషోర్‌బాబుదని. అదీ వాడి పేరు మీదే ఉంది. ఎవరం నమ్మలా."

"ఆయన... ఇప్పుడెక్కడున్నాడండీ?" అడిగాడు హరిచరణ్.

"అయిదేళ్లు జైల్లో ఉండి మొన్ననే బయటికొచ్చాడు. వచ్చినకాడ్నించీ వెదురుకర్ర పట్టుకుని, రోడ్డు పక్కన ఆగిన డబ్బా బండినల్లా కొలుస్తున్నాడంట."