గుర్రాలు దాటని నది

“నది తుడిచేశావా?”

భర్త అరుపుకి ఆమె వంటింట్లోంచి తడిగుడ్డతోనే వచ్చింది. “తుడవక? అన్నం ఎక్కడ పెట్టమంటారు, నది ఒడ్డునా?”

“నిన్నటి యుద్ధం ఇంకా సగంలోనే ఉంది! మా తమ్ముడి సైన్యం ఒడ్డున ఆగి ఉంది!”

“మీ తమ్ముడి సైన్యం ఎప్పుడు ముందుకెళ్ళింది గనక?”

ఆ మాటకి అతనికీ నవ్వొచ్చింది. అన్నదమ్ములిద్దరూ ప్రతి ఆదివారం భోజనాల బల్ల మీద సుద్దముక్కతో నది గీసి, తగరం బొమ్మలతో యుద్ధం చేసుకుంటారు. చిన్నప్పటి ఆట. అన్న కాల్బలం వంతెన కాస్తుంది. తమ్ముడి గుర్రాలు ఒడ్డునే నిలబడిపోతాయి. “గుర్రాలు నది ఎందుకు దాటవు?” అని తమ్ముడు, “పుస్తకంలో లేదు” అని అన్న. ఎప్పుడూ అదే పేచీ. ఆ ఆట నిబంధనల పుస్తకాన్ని అన్న ఎవరి చేతికీ ఇవ్వడు.

“పోనీలే, మళ్ళీ గీస్తాను. కొలతలు పుస్తకంలో ఉన్నాయి,” అంటూ అలమర తెరిచాడు. పుస్తకం లేదు.

ఆమె గతుక్కుమంది. ఈ పొద్దున ఇల్లు దులిపి పాత పేపర్లవాడికి వేసిన కట్టలో, ఎర్రజెండా పట్టుకున్న రౌతు బొమ్మ ఉన్న అట్ట ఒకటి తొంగిచూసిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. చెబుదామని నోరు తెరిచింది.

“అది ఇప్పుడు ఎక్కడా దొరకదు, తెలుసా? వేసేవాళ్ళే లేరు,” అన్నాడతను ఖాళీ అర తడుముతూ. “సెలవులంతా మేమిద్దరం నేల మీద బోర్లా పడుకుని... నాన్న మొట్టేదాకా లేచేవాళ్ళం కాదు. ఆ కాగితం వాసన ఇప్పటికీ...”

ఆమె తెరిచిన నోరు మూతపడింది.

“వాడే పట్టుకుపోయుంటాడు,” అని తనే తేల్చేసి ఫోన్ చేశాడు. ఆమె ఆపలేదు. అవతల మరిది గొంతు ఆమెకీ వినిపించింది. “నాకెందుకన్నయ్యా అది? ఒక్కసారైనా నన్ను గెలిపించిందా? నన్ను దొంగని చేశావు, చాలు.”

ఆ ‘దొంగ’ మాట వెళ్ళి ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది.

తర్వాతి ఆదివారం మరిది రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. బల్ల అద్దంలా మెరిసిపోతోంది. దాని మీద భర్త వేలితో ఉత్తుత్తి నది గీసుకుంటున్నాడు.

ఆమె పాత పుస్తకాల దుకాణాలన్నీ తిరిగింది. “ఆ కంపెనీయే మూతపడిందమ్మా,” అంటూనే ఆఖరి దుకాణదారు అటక మీంచి ఒకటి తీసి దులిపి ఇచ్చాడు. అదే అట్ట, అదే రౌతు. కాకపోతే మరీ కొత్తగా ఉంది. ఇంటికి తెచ్చి మూలలు మడిచింది, అట్టని గరుకుగుడ్డతో రుద్దింది, లోపల కాఫీ కప్పు ముద్ర కూడా వేసింది. అలమర వెనక పడేసి, “ఏమండీ, ఇలా చూడండి!” అని కేకేసింది.

అతను చిన్నపిల్లాడిలా పరిగెత్తుకొచ్చాడు. వాసన చూశాడు. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగిపోయాడు. మొహం పాలిపోయింది. కాఫీ మరక ఇంకా ఆరలేదేమోనని ఆమె భయపడింది. అతను పుస్తకం మూసేశాడు. ఫోన్ తీసి, “తప్పు నాదేరా. ఆదివారం రా,” అని మాత్రం అన్నాడు.

ఆదివారం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. బల్లకి ఒక చివర కంచాలు, మరో చివర నది.

“వదినా, నది తుడవకుండా అన్నం పెట్టావంటే నా గుర్రాల జాతకం మారినట్టే,” అన్నాడు మరిది. “ఏం అన్నయ్యా, ఈసారైనా వాటికి ఈత నేర్పుతావా?”

అన్న ముద్ద కలపడం ఆపాడు. “నేర్పుతా. ఇవాళ్టి నుంచి గుర్రాలు నది దాటతాయి.”

“పుస్తకంలో లేదుగా?”

“మన పాత పుస్తకంలో లేదురా,” అన్నాడతను, భార్య మీంచి చూపు తిప్పకుండా. “ఆ పేజీ చిన్నప్పుడు నేనే చింపేశాను.”