మోడు కణాలు

మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తకుండానే ప్రొఫెసర్ నవ్వాడు.

"మోడు! ఒక్క కొమ్మ తిన్నగా లేదు."

ఎలుక మెదడులోని నాడీకణం అది. బాగుంటే గుబురు చెట్టులా ఉంటుంది. రోజుల తరబడి భయంలో బతికితే కొమ్మలు కుంచించుకుపోతాయి, వాటి మీది మొగ్గలు రాలిపోతాయి. ఆ సంగతి నిరూపిస్తే రేపు కమిటీ ఆయన్ని డైరెక్టర్ కుర్చీలో కూర్చోబెడుతుంది.

సగం ఎలుకల్ని మూడు వారాల పాటు రోజుకు ఆరు గంటలు ఇరుకు గొట్టాల్లో కదలకుండా బిగించారు. మిగతా సగాన్ని ఏ బాధా లేకుండా ఉంచారు. చూసేవాళ్లు పక్షపాతం చూపకూడదని స్లైడ్ల మీద నంబర్లే వేస్తారు. ఏది ఏ గుంపుదో టెక్నీషియన్ దగ్గర, అంటించిన కవర్లో ఉంటుంది.

"కవరెందుకు? నా కళ్లు చాలవూ? ఒకటో గుంపు గొట్టాల్లోది. రెండోది తిని పడుకున్న గుంపు. రాసుకో. రాయడమైనా వచ్చా?"

పదహారేళ్లుగా ఆ ల్యాబులో పనిచేస్తున్న టెక్నీషియన్ రాసుకుంది. లోకంలో తనకు తప్ప ఎవరికీ బుర్ర లేదని ఆయన నమ్మకం. ప్రయోగం చేయకుండా ఆయన తేల్చిన విషయం అదొక్కటే.

ఫోన్ మోగింది. భార్య.

"ఏమండీ, పాప పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. మీరలా కంచం విసిరేసరికి బెదిరిపోయి..."

"తినకపోతే మాడనీ! నీ పెంపకమే అంత. వెర్రి మాలోకం! మా అమ్మ ఏం చూసి నిన్ను నాకు అంటగట్టిందో!"

ఫోన్ బల్ల మీదికి గిరాటేశాడు.

"ఒత్తిడంటే ఏం తెలుసు వీళ్లకి? నీడపట్టున కూర్చుని తినడం. సుఖం ఎక్కువై ఏడుపు."

టెక్నీషియన్ కవరు చేతిలోకి తీసుకుంది.

"కవరు చించమంటారా సార్?"

"చించు. నీ ముచ్చటెందుకు కాదనాలి?" మళ్లీ మైక్రోస్కోప్ మీదికి వంగాడు. ఎన్నడూ లేనిది గొంతులో జాలి పలికింది. "పాపం, మూగజీవాలు! మూడు వారాలు ఎంత నరకంలో ఉన్నాయో ఈ కణాలే చెబుతున్నాయి."

ఆవిడ కాగితం ఒకసారి చదివింది. మళ్లీ చదివింది.

"నోరు పడిపోయిందా? చదివి చావు!"

"ఒకటో గుంపు గొట్టాల్లోది కాదు సార్, 'ల్యాబులో మరమ్మతుల మోత ఎక్కువగా ఉంది, ప్రశాంతంగా పెరగాలి' అని ఆ మూడు వారాలూ మీరు మీ ఇంట్లో ఉంచిన గుంపు."