ఇల్లొద్దు, చేను ఎత్తండి

కోనసీమలో నేల అడుగునున్న గ్యాసు తోడగా తోడగా ఊళ్లు కిందికి దిగిపోతున్నాయి. అందుకని ఏటా వానలకు ముందు కంపెనీవాళ్లు జాకీలు పెట్టి ఇళ్లను పైకెత్తి, అడుగున మట్టి నింపి వెళతారు. గుమ్మానికి ఇంకో మెట్టు కట్టుకోవడం జనానికి గోడకు సున్నం వేసుకున్నంత మామూలైపోయింది. చేలను మాత్రం ఎవరూ ఎత్తరు. అవి ఉప్పునీటికి బీడుపడ్డాయి.

ఆ ఏడు మట్టి లారీలు రాగానే నాగరత్నం ఎదురు వెళ్లింది.

"ఇల్లొద్దు బాబూ. ఆ మట్టి మా చేలో పోయించండి."

"చేల సంగతి మాది కాదండి," అన్నాడు లారీలతో వచ్చిన కంపెనీ ఇంజనీరు. "వానొస్తే ఇల్లు ములిగిపోద్దండి మరి!"

"ఇల్లు ములిగితే మంచమెక్కి కూర్చుంటాం. చేను ములిగితే ఏం తింటాం?"

"ఏవిటే ఈ మొండితనం!" అని భర్త సత్తిరాజు విసుక్కున్నాడు. ఆమె లారీకి అడ్డంగా కత్తిపీట వేసుకుని బెండకాయలు తరగసాగింది. మధ్యాహ్నానికి పక్కిళ్లవాళ్లూ వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. చివరికి ఇంజనీరు లారీలను చేలవైపు తిప్పించాడు. ఎత్తయిన మళ్లలో అందరూ విత్తనాలు చల్లారు.

వానలకు ఇంట్లోకి మోకాలిలోతు నీళ్లొచ్చాయి. పొయ్యి కూడా మంచమెక్కింది. సత్తిరాజు రోజంతా సణుగుతూనే ఉన్నాడు.

తెరిపివ్వగానే నాగరత్నం కిటికీ రెక్క తోసింది. "ఇటు రండి ఓసారి."

చుట్టూ నీళ్లు. నడుమ మళ్లు పచ్చగా తేలి ఉన్నాయి. సత్తిరాజు వచ్చి కిటికీలోంచి చూశాడు. తర్వాత పంచె ఎగగట్టి, "కలుపు తియ్యాలే," అంటూ నీళ్లలోకి దిగాడు.